ఎంపికైనా నియామక పత్రం రాకపోతే: జూనియర్ అసిస్టెంట్, బ్యాంకు క్లర్కు పోస్టుల వివాదాల్లో ఏ పని ఎప్పుడు చేయాలి

పరీక్ష పాసయ్యారు. మెరిట్ లిస్టులో హాల్‌టికెట్ నంబరు ఉంది. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కూ వెళ్లొచ్చారు. తోటివాళ్లకు ఆర్డర్లు వచ్చాయి, మీకు రాలేదు. లేదంటే వెబ్‌సైట్‌లో మీ నంబరు ఎదురుగా ‘రిజెక్టెడ్’ అన్న ఒక్క మాట కనిపించింది. అప్పుడు చాలామంది చేసేది ఆఫీసు చుట్టూ తిరగడం. ‘ఫైలు పైకి వెళ్లింది, రెండు వారాలు ఆగండి’ అన్న మాట విని ఆగుతారు. అలా ఆగిన మూడు నెలల్లో మిగిలిన పోస్టులు నిండిపోతాయి, రిజర్వు లిస్టు (వెయిటింగ్ లిస్టు) గడువు ముగుస్తుంది. ఈ తరహా కేసుల్లో న్యాయం ఎవరివైపు ఉందన్నదాని కంటే, ఏ తేదీకి ఏ కాగితం చేతిలో ఉందన్నదే ఎక్కువసార్లు ఫలితాన్ని తేలుస్తుంది.

ఇక్కడ చెప్పేది రాష్ట్ర ప్రభుత్వ జూనియర్ అసిస్టెంట్లు, టైపిస్టులు, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కులు, ఎల్‌ఐసీ అసిస్టెంట్లు, రైల్వే, తపాలా గుమాస్తాలు, డిస్కంలు, సింగరేణి, ఆర్టీసీ లాంటి సంస్థల క్లరికల్ పోస్టుల గురించి.

ముందు తెలుసుకోవాల్సింది: మీకున్న హక్కు ఏపాటిది

లిస్టులో పేరున్నంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలన్న హక్కు పుట్టదు. శంకర్‌సన్ దాస్ కేసులో 1991లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట చెప్పింది. ఎదుటి పక్షం కౌంటర్లో (కోర్టులో వేసే జవాబులో) మొదటి పేరాల్లోనే ఈ తీర్పు కనిపిస్తుంది, కంగారు పడకండి. అదే తీర్పులో రెండో సగం ఉంది: ఖాళీలు నింపకూడదని నిర్ణయించినా అది సరైన కారణంతో, సదుద్దేశంతో జరగాలి, ఏకపక్షంగా ఉండకూడదు. నింపుతున్నప్పుడు మెరిట్ వరస దాటకూడదు. 2024 నవంబరులో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్నే మళ్లీ ఖరారు చేస్తూ, ఎంపిక మొదలయ్యాక ఆట నియమాలు మార్చడం కుదరదని కూడా చెప్పింది. నియమాలే అందుకు వీలిస్తే తప్ప.

కాబట్టి ‘నాకు ఉద్యోగం ఇవ్వాలి’ అన్నది మీ కేసు కాదు. ‘నన్ను పక్కన పెట్టిన కారణం నిలవదు, నాకు రావాల్సిన చోటు ఇంకా ఖాళీగా ఉంది’ అన్నది మీ కేసు. కారణం, ఖాళీ అనే ఆ రెండింటినీ రుజువు చేసే కాగితాల కోసమే మిగతా శ్రమంతా.

మొదటి వారం: కారణం రాతలో రాబట్టండి

నోటితో చెప్పిన కారణానికి విలువ లేదు. రేపు కౌంటర్లో ఇంకోటి రాస్తారు. రాతపూర్వకంగా ఇచ్చిన ఉత్తర్వు అయితే అందులో ఉన్న కారణాల మీదే అది నిలబడాలి, తర్వాత అఫిడవిట్‌తో కొత్త కారణాలు అతికించడానికి వీల్లేదు. 1977 డిసెంబరు నాటి మొహీందర్ సింగ్ గిల్ తీర్పు చెప్పిన ఈ సూత్రం మీ చేతిలో ఉన్న మంచి ఆయుధాల్లో ఒకటి. అది పనికి రావాలంటే ముందు ఉత్తర్వంటూ ఒకటి ఉండాలి.

వెబ్‌సైట్‌లోని రిజెక్షన్ లిస్టు, వెబ్‌నోట్, మీ లాగిన్‌లో కనిపించే స్టేటస్ అన్నీ తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. ఆ పేజీలు కొన్నాళ్లకు మాయమవుతాయి. అసలు నోటిఫికేషన్, దాని సవరణలు, మీరు నింపిన దరఖాస్తు కాపీ, హాల్‌టికెట్, వెరిఫికేషన్ రోజు ఇచ్చిన చెక్‌లిస్టు కూడా అంతే ముఖ్యం. చెక్‌లిస్టు మీద ‘అన్నీ సమర్పించారు’ అని సంతకం ఉంటే దాన్ని బంగారంలా చూసుకోండి.

తర్వాత వినతిపత్రం. ఒక పేజీ దాటొద్దు. కష్టాలు, కన్నీళ్లు రాయొద్దు. ఇలా సరిపోతుంది:

‘ఫలానా నంబరు నోటిఫికేషన్ కింద జూనియర్ అసిస్టెంట్ పోస్టుకు ఎంపికైన జాబితాలో నా వరుస సంఖ్య ఫలానా. ఫలానా తేదీన సర్టిఫికెట్ల పరిశీలనకు హాజరై అన్ని అసలు పత్రాలు చూపాను. నా కంటే తక్కువ మార్కులు వచ్చిన ఫలానా హాల్‌టికెట్ నంబరు అభ్యర్థికి ఫలానా తేదీన నియామకం జరిగింది. నా అభ్యర్థిత్వంపై తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయాలనీ, ఈ వినతి పరిష్కారమయ్యేవరకు నా కేటగిరీలో ఒక పోస్టు ఖాళీగా ఉంచాలనీ కోరుతున్నాను.’

స్పీడ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పంపండి. ఈమెయిల్ కూడా చేయండి. చేతితో ఇస్తే ఇన్వర్డ్ ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉండాలి. ఒక్కసారి ఇస్తే చాలు. నెలకొకటి ఇస్తూ పోతే గడువు పెరుగుతుందనుకోవడం ఈ వివాదాల్లో అతి ఖరీదైన పొరపాటు. మళ్లీ మళ్లీ ఇచ్చే వినతుల వల్ల కాలపరిమితి పెరగదని ఎస్.ఎస్. రాథోర్ కేసులో 1989లో, పాతబడిన హక్కుకు వినతిపత్రం ప్రాణం పోయలేదని సి. జేకబ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యం అమృతం విషం అన్న సామెత రిట్ పిటిషన్లు వినే హైకోర్టు కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

అదే వారం: సమాచార హక్కు దరఖాస్తు

వినతిపత్రంతో పాటే ఆర్టీఐ కూడా వేయాలి, వినతికి జవాబు వచ్చేదాకా ఆగొద్దు. కేంద్ర సంస్థలకు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దాకా వెళ్తే ఏళ్లు పట్టొచ్చు, అందుకే మొదటి దరఖాస్తులోనే సరైన ప్రశ్నలు పడాలి.

‘నన్ను ఎందుకు తీసుకోలేదు?’ అని అడగకండి. ఆర్టీఐ కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారం, సంజాయిషీ కాదు. ‘ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క ముక్కతో కొట్టేస్తారు. అడగాల్సినవి: నా అభ్యర్థిత్వంపై నడిచిన ఫైలు నోట్స్, ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్లు; నోటిఫై చేసిన పోస్టులు, నింపినవి, చేరనివి, ఈ రోజుకు ఖాళీగా ఉన్నవి, కేటగిరీ వారీగా; నా కేటగిరీలో చివరగా ఎంపికైనవారి మార్కులు; సంబంధిత రోస్టర్ రిజిస్టరు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ కేటగిరీదో రాసే పుస్తకం) పేజీల నకళ్లు; తిరస్కరణకు ఆధారమైన నియమం లేదా సర్క్యులర్ కాపీ. మీ సొంత జవాబుపత్రం అడిగే హక్కు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ్ తీర్పుతో ఖరారైంది. కాకపోతే సివిల్స్ లాంటి పరీక్షల్లో మార్కుల వివరాలు యాంత్రికంగా ఇవ్వనక్కర్లేదని 2018లో మరో తీర్పు వచ్చింది కనుక, అది చూపి నిరాకరిస్తే ఆశ్చర్యపోకండి.

పై జాబితాలో అసలైనది ఖాళీల లెక్క. పోస్టే మిగల్లేదని తేలితే ఎంత మంచి వాదనైనా గాలిలో తేలుతుంది.

చెప్పిన కారణాన్ని తూకం వేయండి

కోర్టుకు వెళ్లే ముందు చేయాల్సిన పనుల్లో కష్టమైనది ఇదే. తిరస్కరణ కారణాలన్నీ ఒకేలా ఉండవు. కొన్నిటిలో కోర్టు ఆదుకుంటుంది, కొన్నిటిలో దాదాపు ఎప్పుడూ ఆదుకోదు.

కుల ధ్రువీకరణ పత్రం. తెలుగు అభ్యర్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రాష్ట్ర ఉద్యోగాలకు తహసీల్దారు ఇచ్చే బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ పత్రం వేరు. బ్యాంకు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ ఉద్యోగాలకు కావాల్సిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. రెండోది భారత ప్రభుత్వ నమూనాలోనే, నోటిఫికేషన్ అడిగిన కాలంలోనే జారీ అయి ఉండాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఆ తేడా వల్ల తిరస్కరిస్తే కోర్టు చేయగలిగిందేమీ ఉండదు. పత్రం ఆలస్యమైతే? రామ్ కుమార్ గిజ్‌రోయా కేసులో 2016లో సుప్రీంకోర్టు కాస్త ఉదారంగా చూసింది, కులం పుట్టుకతో వచ్చేది కనుక కాగితం తర్వాత ఇచ్చినా తప్పులేదని. ఆ తర్వాత గాలి మారింది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రాల విషయంలో 2023లో దివ్య కేసులో కటాఫ్ తేదీ కచ్చితంగా పాటించాల్సిందేనంది. 2025లో యూపీ పోలీసు నియామకాల కేసులో, నోటిఫికేషన్ అడిగిన నమూనాలో లేని కుల పత్రాన్ని తిరస్కరించడం సరేనంది. కనుక గిజ్‌రోయా ఒక్కదాన్నే పట్టుకుని కోర్టుకు వెళ్లడం ఇవాళ సాహసమే. ఆలస్యం మీది కాదని, గడువుకు ముందే మీసేవలో దరఖాస్తు చేసిన రశీదు ఉందని చూపగలిగితే పరిస్థితి మెరుగు.

అర్హత తేదీ. దరఖాస్తుకు చివరి తేదీ నాటికి, లేదా నోటిఫికేషన్‌లో చెప్పిన మరో తేదీ నాటికి డిగ్రీ ఫలితం వచ్చి ఉండాలి. పరీక్ష ఎప్పుడు రాశారన్నది కాదు, ఫలితం ఎప్పుడు వెలువడిందన్నదే లెక్క. అశోక్ కుమార్ శర్మ తీర్పు 1997 నుంచి ఈ విషయంలో రాయిలా నిలబడి ఉంది. ఒక్క రోజు తేడా అయినా ఈ కారణంతో కోర్టుకు వెళ్లొద్దని మా సలహా. ఒకే మినహాయింపు: తేదీ గురించి నోటిఫికేషన్‌లోనే రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే.

అర్హత సమానత్వం. ‘నా కంప్యూటర్ డిప్లొమా వాళ్లడిగిన దానికి సమానమే’ అన్న వాదన బలహీనం. సమానమా కాదా తేల్చేది నియామక సంస్థే తప్ప కోర్టు కాదని 2018లో జహూర్ అహ్మద్ రాథర్ కేసులో చెప్పారు. యూనివర్సిటీ లేదా సాంకేతిక విద్యా మండలి ఇచ్చిన సమానత్వ ఉత్తర్వు ముందే ఉంటే మాత్రం దాన్ని జతచేయండి, కేసు స్వరూపమే మారిపోతుంది. ఎక్కువ చదివినా చిక్కే కొన్నిసార్లు. డిగ్రీ ఉన్నవాళ్లు అనర్హులన్న ప్యూన్ పోస్టుకు డిగ్రీ దాచి దరఖాస్తు చేసిన అభ్యర్థి 2020లో సుప్రీంకోర్టులో పంజాబ్ నేషనల్ బ్యాంకు చేతిలో ఓడిపోయాడు. అక్కడ దెబ్బతీసింది చదువు ఒక్కటే కాదు, దాచడం కూడా.

దరఖాస్తులో తప్పు. ఇంటర్నెట్ సెంటర్లో నింపించిన ఫారంలో పుట్టినతేదీ అంకె తప్పు, తండ్రి పేరులో అక్షరం తప్పు. 2024 జనవరిలో వచ్చిన వశిష్ఠ నారాయణ్ కుమార్ తీర్పు ఇలాంటి వాళ్లకు పెద్ద ఊరట. బిహార్ కానిస్టేబుల్ అభ్యర్థి పుట్టినతేదీ 18కి బదులు 8 అని పడింది. ఆ తప్పు వల్ల అతనికి వయసులో కానీ మెరిట్‌లో కానీ ఏ లాభమూ రాలేదు కనుక తిరస్కరణ చెల్లదన్నారు. మీ కేసుకూ గీటురాయి అదే: తప్పు వల్ల మీకు అదనపు ప్రయోజనం కలిగిందా? కేటగిరీ, స్థానికత, పోస్టు ప్రాధాన్యం లాంటివి తప్పుగా పెడితే ఈ తీర్పు మిమ్మల్ని కాపాడకపోవచ్చు. జవాబుపత్రం మీద నిబంధనలకు విరుద్ధంగా గుర్తులు పెట్టినవారికీ 2019లో జి. హేమలత కేసులో సుప్రీంకోర్టు కనికరం చూపలేదు.

స్థానికత. జిల్లా కేడర్ పోస్టయిన జూనియర్ అసిస్టెంటుకు ఇది ప్రాణం. 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు దీనికి ఆధారం. తెలంగాణలో 2018 ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులవే, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది కొలమానం. 1975 ఉత్తర్వు కింద లెక్క వేరు, అక్కడ పదో తరగతితో ముగిసే వరుస సంవత్సరాల చదువును చూస్తారు. పాత లెక్కతో కొత్త నోటిఫికేషన్‌కు స్థానికత రాసుకుని పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. మీ నోటిఫికేషన్ ఏ ఉత్తర్వును ఉటంకించిందో ముందు చూడండి. స్టడీ సర్టిఫికెట్లలో ఒక్క సంవత్సరం ఖాళీ ఉన్నా ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు తెప్పించుకోండి, మూతపడిన ప్రైవేటు బడి అయితే మండల విద్యాధికారి దగ్గర రికార్డు దొరకొచ్చు.

పోలీసు కేసు. అటెస్టేషన్ ఫారంలో ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్న గడిలో ‘లేదు’ అని రాసి, తర్వాత బయటపడటం. 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు ఇక్కడ ప్రమాణం. చిన్న కేసైతే, అది తెలిసి ఉన్నా ఉద్యోగానికి అడ్డు కానిదైతే, దాచినా క్షమించే విచక్షణ యజమానికి ఉంది. నిజం చెప్పినా పూర్వాపరాలు చూసి నిరాకరించే అధికారం కూడా ఉంది. అనేక కేసులు పెండింగ్‌లో ఉండగా దాచితే ఆ దాపరికం ఒక్కటే చాలు. లోక్ అదాలత్‌లో రాజీపడ్డ కేసునూ రాయాలి, కొట్టేసిన కేసునూ రాయాలి. ఈ కారణంతో తిరస్కరిస్తే మీ వాదన ‘నేను నిర్దోషిని’ అని కాదు. ‘కేసు స్వభావం, అప్పటి వయసు, తీర్పు, పోస్టు స్వభావం వీటిలో ఏదీ పరిశీలించకుండా యాంత్రికంగా తిరస్కరించారు’ అని ఉండాలి. ఇక్కడ గెలిచినా సాధారణంగా దక్కేది మళ్లీ పరిశీలించమనే ఆదేశమే.

బ్యాంకుల్లో అప్పుల చరిత్ర. క్లర్కు నోటిఫికేషన్లలో క్రెడిట్ చరిత్ర బాగుండాలన్న నిబంధన కొన్నేళ్లుగా ఉంటోంది. విద్యారుణం వాయిదాలు తప్పినవాళ్లు చేరే తేదీలోగా బాకీ తీర్చి, రుణం ఇచ్చిన బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవడమే మందు. కోర్టు కంటే ఇది చవక, వేగం.

జవాబుల కీ. సంస్థ ఇచ్చిన గడువులో అభ్యంతరం పెట్టకపోతే తర్వాత వినేవారుండరు. పెట్టినా, కీ తప్పని తడుముకోనక్కర్లేకుండా తేలిపోవాలి. సందేహం ఉంటే లాభం సంస్థకే అని 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ తీర్పు. రెండు పాఠ్యపుస్తకాలు రెండు రకాలుగా చెబుతున్నాయన్నది సందేహమే అవుతుంది, తప్పు కాదు.

రోస్టర్, మహిళల కోటా. ఇక్కడ సంస్థలే ఎక్కువ తప్పులు చేస్తాయి, అభ్యర్థులేమో తక్కువగా గమనిస్తారు. మహిళలది సమాంతర రిజర్వేషన్, అంటే ప్రతి కేటగిరీ లోపలే లెక్కించేది. ఓపెన్‌లో 9 పోస్టులుండి మూడో వంతు మహిళలకు అనుకుందాం. ముందు కులం, లింగం చూడకుండా మార్కుల వరసలో 9 మందిని తీయాలి. అందులో ముగ్గురు మహిళలు అప్పటికే ఉంటే ఆ కోటా నిండినట్టే. ఒక్కరే ఉంటే చివరి ఇద్దరు పురుషుల్ని తీసి, మెరిట్‌లో తర్వాతి ఇద్దరు మహిళల్ని తీసుకోవాలి. వాళ్లు ఏ కులంవారైనా సరే. 2007లో రాజేశ్ కుమార్ దరియా, 2020లో సౌరవ్ యాదవ్ తీర్పులు చెప్పింది ఇదే. ‘ఓపెన్ మహిళ’ అంటే ఓసీ మహిళ అని లెక్కగట్టి బీసీ, ఎస్సీ మహిళల్ని పక్కనపెడితే అది బలమైన కేసు. మెరిట్ లిస్టు చేతికి రాగానే కాగితం మీద ఈ లెక్క మీరే వేసి చూడండి, గంట పని.

చేరనివారి ఖాళీలు. బ్యాంకు క్లర్కుల ఎంపికలో రిజర్వు లిస్టు, దానికో గడువు ఉంటాయి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నియామకాల్లో ఉమ్మడి రాష్ట్రంలో 1997 నుంచి వేరే పద్ధతి పాదుకుంది: ఖాళీలెన్నో అంతమందికే లిస్టు, చేరకపోతే ఆ పోస్టు తర్వాతి నోటిఫికేషన్‌కు. అలాంటి నియమం ఉన్నచోట ‘తర్వాతి మెరిట్ నాదే’ అన్న వాదన నిలవదు. నియమమే రిజర్వు ప్యానెల్ పెట్టి, దాన్ని కారణం లేకుండా వాడకపోతే మాత్రం నిలుస్తుంది.

కారుణ్య నియామకం వేరే లోకం. అది హక్కు కాదు, కుటుంబం తక్షణ ఇబ్బంది తీర్చే పథకం మాత్రమే అని 1994 నుంచి ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ తీర్పు చెబుతోంది. అక్కడ ఏళ్ల ఆలస్యం అంటే దాదాపు కేసు ముగిసినట్టే.

ఏ తలుపు తట్టాలి

తప్పు చోట వేసిన కేసు రెండేళ్ల తర్వాత ‘విచారణార్హత లేదు’ అని తిరిగొస్తుంది, అప్పటికి పోస్టులుండవు.

ఎస్‌ఎస్‌సీ ద్వారా వచ్చే ఎల్‌డీసీ, రైల్వే క్లర్కు, తపాలా శాఖ పోస్టులకు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అంటే క్యాట్. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్ బెంచ్. 1985 చట్టం 19వ సెక్షన్ కింద ఒరిజినల్ అప్లికేషన్ వేయాలి, రుసుము 50 రూపాయలు. దాని తీర్పు మీద హైకోర్టు డివిజన్ బెంచికి వెళ్లాలి, 1997 నాటి ఎల్. చంద్రకుమార్ తీర్పు తర్వాత నేరుగా సుప్రీంకోర్టు దారి లేదు.

రాష్ట్ర ప్రభుత్వ పోస్టులకు ఒకప్పుడు రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఉండేది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. 226వ అధికరణ కింద నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. డిస్కంలు, సింగరేణి, ఆర్టీసీ, ఎల్‌ఐసీ, జాతీయ బ్యాంకులకూ హైకోర్టే. కేంద్ర ప్రభుత్వ కార్పొరేషన్ అయితే ఆ సంస్థను 14(2) సెక్షన్ కింద క్యాట్ పరిధిలోకి నోటిఫై చేశారా అని ముందు చూడాలి. జిల్లా కోర్టుల జూనియర్ అసిస్టెంట్ పోస్టులు క్యాట్ చట్టానికి బయట, వాటికీ రిట్టే.

బ్యాంకు క్లర్కుల విషయంలో ఒక గొయ్యి ఉంది. పరీక్ష పెట్టే ఐబీపీఎస్ 12వ అధికరణ ప్రకారం ‘రాజ్యం’ (రిట్‌కు లోబడే ప్రభుత్వ సంస్థ) కిందికి రాదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. దాన్నొక్కదాన్నే ప్రతివాదిగా పెడితే తొలి వాయిదాలోనే చిక్కు. మీకు ప్రొవిజనల్‌గా కేటాయించిన బ్యాంకును, దాని జోనల్ లేదా సర్కిల్ ఆఫీసును, కేంద్ర ఆర్థిక సేవల విభాగాన్ని కూడా చేర్చాలి. ముంబైలో హెడ్డాఫీసు ఉన్నా, మీరు తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ ఖాళీలకు దరఖాస్తు చేసి, వెరిఫికేషన్ ఇక్కడే జరిగితే వివాద కారణంలో కొంత భాగం ఇక్కడ పుట్టినట్టే.

వినియోగదారుల కోర్టుకు వెళ్లకండి, పరీక్ష రాసేవారు వినియోగదారులు కారని 2009లోనే తేలింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ కమిషన్లకు ఫిర్యాదు చేయొచ్చు, వాటి నోటీసుకు ఫైలు కదలొచ్చు కూడా. కానీ నియామకాలు ఆపమని ఆదేశించే అధికారం వాటికి లేదని ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో 1996లోనే చెప్పారు. కమిషన్‌లో ఫిర్యాదు ఉందన్న ధీమాతో కోర్టు గడువు దాటనివ్వొద్దు.

గడువులు

క్యాట్‌లో తుది ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఏడాది. వినతిపత్రానికి జవాబు రాకపోతే ఆరు నెలలు ఆగి, అక్కడి నుంచి ఏడాది. దాటితే ఆలస్యాన్ని మన్నించమని రోజులవారీ కారణాలతో వేరే పిటిషన్ వేయాలి.

హైకోర్టు రిట్‌కు చట్టంలో రాసిన గడువు లేదు, అందుకే మోసపోతారు. ఆచరణలో మా లెక్క ఇది: వినతి ఇచ్చాక మూడు, నాలుగు వారాలు చూసి రిట్ వేయాలి. లిస్టు గడువు నెలలోపు ముగుస్తుంటే అంత కూడా ఆగొద్దు. లిస్టు బతికుండగానే కోర్టుకొచ్చిన అభ్యర్థి హక్కు, ఆ తర్వాత లిస్టు కాలం తీరిందన్న సాకుతో పోదని 1999లో పురుషోత్తం కేసు చెప్పింది. లిస్టు చచ్చాక వచ్చినవారికి ఆ రక్షణ లేదు.

నోటిఫికేషన్ నిబంధననే సవాలు చేయాలనుకుంటే పరీక్షకు ముందే వెళ్లాలి. రాసి, ఫెయిలై, ఆపై ఎంపిక పద్ధతి తప్పంటే మదన్‌లాల్ తీర్పు 1995 నుంచి తలుపు మూస్తూనే ఉంది. చట్టానికే కొట్టొచ్చినట్టు విరుద్ధమైన సందర్భాల్లో మాత్రం 2019 నాటి మీతా సహాయ్ తీర్పు కాస్త సందు ఇచ్చింది.

పిటిషన్ ఎలా ఉండాలి

సర్వీసు కేసులే ఎక్కువగా చేసే న్యాయవాదిని చూసుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయసహాయం ఉంది. హైకోర్టులోని న్యాయసేవల కమిటీకి దరఖాస్తు చేస్తే చాలు. దీన్ని వాడుకునేవారు ఆశ్చర్యంగా తక్కువ.

అఫిడవిట్‌లో సంఘటనలు తేదీల వరసలో ఉండాలి. మెటీరియల్ పేపర్లుగా నోటిఫికేషన్ పూర్తి ప్రతి, దరఖాస్తు, మెరిట్ లిస్టు, సర్టిఫికెట్లు, రిజెక్షన్ ఉత్తర్వు, వినతిపత్రం పోస్టల్ రశీదుతో సహా, ఖాళీలపై ఆర్టీఐ జవాబు. మీకు వ్యతిరేకంగా ఉన్న కాగితాన్ని దాచకండి. అవతలి పక్షం దాన్ని తీసిన రోజున మీ నిజాయతీ మీద నమ్మకం పోతుంది, రిట్ కోర్టులో అది పోతే మిగిలేదేమీ లేదు.

ప్రతివాదులు ఎవరన్నది తరచుగా దెబ్బతీసే అంశం. మీరు గెలిస్తే ఎవరి ఉద్యోగం పోతుందో వాళ్లను చేర్చాలి. 1984లో ప్రబోధ్ వర్మ కేసు నుంచి ఇది స్థిరమైన సూత్రం. వందలమంది ఉంటే కొందరినైనా ప్రతినిధులుగా పెట్టాలి. ఖాళీ పోస్టు మాత్రమే అడుగుతుంటే ఈ బాధ తప్పుతుంది, అందుకే ఖాళీల లెక్క ముందే తెచ్చుకోమన్నది.

ప్రార్థనలో మూడు మెట్లుండాలి: తిరస్కరణ ఉత్తర్వు చట్టవిరుద్ధమని, 14, 16 అధికరణలకు విరుద్ధమని ప్రకటించి రద్దు చేయడం, నన్ను ఆ పోస్టులో నియమించమని ఆదేశించడం, నా కంటే కింది ర్యాంకువారు చేరిన తేదీ నుంచి నోషనల్ (జీతం బకాయిలు లేకుండా లెక్కకు మాత్రం కలిపే) సీనియారిటీ, వేతన స్థిరీకరణ ఇవ్వడం. మూడోది అడగడం మరిచిపోతే తర్వాత దానికోసం ఇంకో కేసు.

మధ్యంతర పిటిషన్ తప్పనిసరి. మొత్తం నియామకాలు ఆపమని అడిగితే దాదాపు ఎప్పుడూ ఇవ్వరు. ‘ఫలానా కేటగిరీలో ఒక పోస్టు ఖాళీగా ఉంచాలి’ అని అడిగితే ఇచ్చే అవకాశం చాలా ఎక్కువ. అదీ కుదరకపోతే ‘ఇకపై చేసే నియామకాలు ఈ రిట్ తుది తీర్పుకు లోబడి ఉంటాయి’ అన్న మాటైనా రాయించుకోవాలి. పోస్టు ఖాళీగా ఉంచమనే ఆదేశానికీ ఈ మాటకూ బలంలో చాలా తేడా ఉంది.

తొలి వాయిదాలోనే ‘వినతిపత్రాన్ని నాలుగు వారాల్లో పరిశీలించండి’ అంటూ రిట్ ముగించే ప్రతిపాదన రావొచ్చు. ఇంకా నిర్ణయమే రాని కేసులో అది పనికొస్తుంది. తిరస్కరణ ఉత్తర్వు అప్పటికే ఉంటే ఒప్పుకోవద్దని న్యాయవాదికి ముందే చెప్పండి. అదే అధికారి అదే కారణాన్ని ఇంకాస్త పొడుగ్గా రాసిస్తాడు, మీకు ఆరు నెలలు పోతాయి.

కౌంటర్ నుంచి జాయినింగ్ దాకా

గవర్నమెంట్ ప్లీడర్ లేదా స్టాండింగ్ కౌన్సిల్ కౌంటర్ వేయడానికి నెలలు పడుతుంది. వచ్చాక రెండు చూడండి: ఉత్తర్వులో లేని కొత్త కారణం చేర్చారా, ఖాళీల సంఖ్య ఆర్టీఐ జవాబుతో సరిపోతోందా. రెంటిలో ఏది దొరికినా వెంటనే రిప్లై అఫిడవిట్ వేయించాలి. విచారణ కదలకపోతే త్వరగా వినమని పిటిషన్ వేయొచ్చు. ఈలోగా కొత్త నోటిఫికేషన్‌లో మీ పోస్టు కలిపేస్తే, దాన్ని కూడా కోర్టు దృష్టికి తేవాలి. ఆ కొత్త నోటిఫికేషన్‌కు మీరు దరఖాస్తు చేయడం తప్పేమీ కాదు, ‘నా రిట్ హక్కులకు భంగం లేకుండా’ అని ఒక లేఖ పంపి దరఖాస్తు చేయండి.

ఓడితే సింగిల్ జడ్జి తీర్పుపై రిట్ అప్పీలుకు 30 రోజులు, డివిజన్ బెంచి తీర్పుపై సుప్రీంకోర్టుకు 90 రోజులు. గెలిస్తే సర్టిఫైడ్ కాపీ తీసుకుని కవరింగ్ లెటర్‌తో సంస్థకు స్పీడ్ పోస్టులో పంపాలి. తీర్పులో చెప్పిన గడువు ఆ కాపీ అందిన నాటి నుంచే మొదలవుతుంది చాలాసార్లు. అమలు చేయకపోతే కోర్టు ధిక్కరణ పిటిషన్‌కు ఏడాదే గడువు. అప్పీలు వేశామని చెప్పడం స్టే తెచ్చుకోవడంతో సమానం కాదు, ఆ మాట నమ్మి ఏడాది దాటనివ్వొద్దు.

నియామక పత్రం వచ్చాక వెంటనే చేరండి, షరతులు నచ్చకపోయినా సరే. జాయినింగ్ రిపోర్టులో ‘ఫలానా రిట్ తీర్పులోని నోషనల్ ప్రయోజనాలపై నా హక్కులకు భంగం లేకుండా చేరుతున్నాను’ అని ఒక వాక్యం రాసి కాపీ మీద ముద్ర వేయించుకోండి. పని చేయని కాలానికి జీతం సాధారణంగా ఇవ్వరు. నోషనల్ తేదీ మాత్రం ఇంక్రిమెంట్లకు, సీనియర్ అసిస్టెంట్ ప్రమోషన్‌కు లెక్కలోకి వస్తుంది. అందుకని సర్వీసు రిజిస్టరు తెరిచిన నెలలోనే ఆ తేదీ, తీర్పు నంబరు అందులో ఎర్రసిరాతో ఎక్కాయో లేదో స్వయంగా చూసుకుని, ఆ పేజీ నకలు తీసి పెట్టుకోండి.